ఒకే రోడ్డు, నాలుగు జమాఖర్చులు

కెనడా సరిహద్దున నార్త్ డకోటాలో బయల్దేరి, అమెరికాను ఐమూలగా కోసుకుంటూ సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్ దాకా పోయే రహదారి ఒకటుంది. దాని నంబరు 52. పెద్ద ఇంటర్‌స్టేట్‌లు వచ్చాక దూరప్రయాణాలకు దాన్ని పట్టుకునేవాళ్లు తగ్గిపోయారు. కానీ ఒహాయో నది ఒడ్డునున్న పోర్ట్స్‌మత్ నుంచి నార్త్ కరోలినాలోని విన్‌స్టన్-సేలం వరకు, మూడు వందల మైళ్ల పైచిలుకు మేర, ఆ రోడ్డు వెంట వెళ్లడానికి ఇప్పుడొక గట్టి కారణం ఉంది. ఆ మేరలో అది ఒహాయో, వెస్ట్ వర్జీనియా, వర్జీనియా, నార్త్ కరోలినా రాష్ట్రాలను దాటుతుంది. నొప్పి మాత్రలు ఈ నాలుగు రాష్ట్రాల ఇళ్లలోకీ చొరబడ్డాయి. వాటిని తయారుచేసిన, సరఫరా చేసిన, అమ్మిన కంపెనీలు కేసులు సెటిల్ చేసుకుని కడుతున్న డబ్బు నాలుగింటికీ వస్తోంది. దాన్ని పంచుకునే పద్ధతి మాత్రం నాలుగు చోట్లా నాలుగు రకాలు. రాష్ట్రానికి ఎంత, కౌంటీకి ఎంత, మధ్యలో కూర్చున్న సంస్థకు ఎంత అన్నది సరిహద్దు దాటిన ప్రతిసారీ మారుతుంది. ఒకే గాయానికి ఇచ్చిన పరిహారం ఇన్ని చేతుల్లో ఏమవుతోందో పక్కపక్కనే పెట్టి చూడాలంటే ఇంతకన్నా మంచి దారి దొరకదు.

ముందు డబ్బు సంగతి. పర్డ్యూ ఫార్మా 1996లో ఆక్సికాంటిన్ మాత్రను మార్కెట్లోకి తెచ్చింది. వ్యసనంగా మారే ప్రమాదం తక్కువని డాక్టర్లను నమ్మించి అమ్మింది. అలా తప్పుదోవ పట్టించిన నేరాన్ని దాని అనుబంధ సంస్థ 2007లో వర్జీనియాలోని అబింగ్డన్ ఫెడరల్ కోర్టులో ఒప్పుకుంది. అప్పటికే ఆలస్యమైంది. మాత్రలకు బానిసలైనవాళ్లు అవి దొరకనప్పుడు హెరాయిన్‌కు, తర్వాత ఫెంటనిల్‌కు మళ్లారు. 1999 నుంచి 2023 వరకు ఈ మాత్రలు, హెరాయిన్, ఫెంటనిల్ వంటి ఓపియాయిడ్ల ఓవర్‌డోస్‌తో ఆ దేశంలో పోయిన ప్రాణాలు దాదాపు 8 లక్షలు. నగరాలు, కౌంటీలు, ఆదివాసీ తెగల ప్రభుత్వాలు వేసిన దావాలు మూడు వేలు దాటి క్లీవ్‌లాండ్‌లో ఫెడరల్ జడ్జి డాన్ పోల్‌స్టర్ ముందు పోగుపడ్డాయి. 2021లో మెకెసన్, కార్డినల్ హెల్త్, అమెరిసోర్స్‌బెర్గెన్ అనే మూడు సరఫరా సంస్థలు 18 ఏళ్లలో 2,100 కోట్ల డాలర్ల వరకు, జాన్సన్ అండ్ జాన్సన్ 9 ఏళ్లలో 500 కోట్ల డాలర్ల వరకు కట్టడానికి ఒప్పుకున్నాయి. తర్వాత టెవా, అలెర్గాన్, సీవీఎస్, వాల్‌గ్రీన్స్, వాల్‌మార్ట్ కూడా దారికొచ్చాయి. పర్డ్యూ ఒప్పందాన్ని 2024లో సుప్రీంకోర్టు కొట్టేస్తే, 2025లో 740 కోట్ల డాలర్లకు కొత్తది కుదిరింది. అన్నీ కలిపితే మొత్తం 5,000 కోట్ల డాలర్లు దాటుతుంది.

ఈ డబ్బు కౌంటీల మధ్య ఎలా విడిపోవాలో తేల్చడానికి తయారైన జాతీయ సూత్రంలో మూడు కొలతలున్నాయి. ఒక కౌంటీలోకి ఎంత మోతాదు మందు చేరింది, ఎంతమంది వ్యసనంలో చిక్కుకున్నారు, ఎంతమంది చచ్చిపోయారు. ఏ కౌంటీ ఖజానాలోనైనా ఈ పద్దు కింద ఎక్కువ మొత్తం పడిందంటే అక్కడ ఎక్కువ శవాలు లేచాయన్నమాట. డబ్బు వచ్చేటప్పుడు మాత్రలను, మనుషులను, చావులను ఇంత నిక్కచ్చిగా లెక్కపెట్టారు. వెళ్లేటప్పుడు ఆ నిక్కచ్చితనం మాయమైంది. జాతీయ ఒప్పందాల ప్రకారం కనీసం 85 శాతం ఈ విపత్తుకు సంబంధించిన పనులకే వాడాలి. ఆ పనుల జాబితా పేజీలకు పేజీలు ఉంది. అయితే ఆ 85 శాతాన్ని దేనికి ఎలా వాడారో ప్రజలకు చెప్పి తీరాలన్న షరతు అందులో లేదు. సంబంధం లేని వాటికి ఎంత మళ్లిందో అది మాత్రం నివేదిస్తే చాలు, ఆ నివేదించేదీ ఖర్చుపెట్టినవాళ్లే. కేఎఫ్ఎఫ్ హెల్త్ న్యూస్, జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు, షాటర్‌ప్రూఫ్ సంస్థ కలిసి 2022, 2023 సంవత్సరాల్లో అందిన 600 కోట్ల డాలర్ల పైచిలుకు జాడ తీశారు. రమారమి మూడో వంతు ఖర్చయింది లేదా కేటాయించారు, ఇంకో మూడో వంతు ముందుకు దాచారు, చివరి మూడో వంతు ఏమైందో బహిరంగ పత్రాల్లో దొరకనేలేదు. వాటా ఎవరికెంత అన్న తగాదా మీద న్యాయవాదులు, అధికారులు ఏళ్ల తరబడి శక్తి ధారపోశారు. నేను నమ్మేదేమిటంటే, ఆ తగాదా రెండో వరసలోది. ఖర్చును పద్దు పద్దుగా జనం ముందు పెట్టడం మొదటి వరసలోది. ఈ రోడ్డు మీది నాలుగు రాష్ట్రాలూ ఆ మాటకు సాక్ష్యం చెబుతాయి.

పోర్ట్స్‌మత్‌లో ఒహాయో నది వరదను ఆపే గోడ మీద రెండు వేల అడుగుల పొడవున ఊరి చరిత్రంతా బొమ్మలుగా గీసి ఉంది. బూట్ల ఫ్యాక్టరీలు, ఉక్కు కర్మాగారం, రైళ్లు. ఆ బొమ్మల్లో ఉన్న పరిశ్రమలు పోయాక ఊళ్లో మిగిలిన ఖాళీని మాత్రల కొట్లు ఆక్రమించాయి. నొప్పి చికిత్స పేరుతో బోర్డు పెట్టి, నగదు తీసుకుని, చీటీలు రాసిచ్చే క్లినిక్‌లు అవి. పోర్ట్స్‌మత్ ఉన్న సయోటో కౌంటీలో 2010 ఒక్క ఏడాదిలో రాసిన మాత్రలు 97 లక్షలు, జనాభా సుమారు 80 వేలు. సామ్ క్వినోనెస్ ఈ విపత్తు మీద 2015లో ప్రచురించిన ‘డ్రీమ్‌ల్యాండ్’ పుస్తకానికి ఆ పేరు ఈ ఊళ్లో 1993లో మూతపడిన ఈతకొలనుది. సరఫరా సంస్థల నుంచి ఒహాయోకు వచ్చేది 80.8 కోట్ల డాలర్లు. రాష్ట్రానికి 15 శాతం, స్థానిక ప్రభుత్వాలకు 30 శాతం, మిగతా 55 శాతం వన్‌ఒహాయో రికవరీ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థకు అని పంచుకున్నారు. ఆలోచనలో తప్పులేదు. ఏటా కొద్దికొద్దిగా చిన్న పట్టణాలకు చిల్లరగా పంచేస్తే ఆసుపత్రి వార్డు కూడా నిలబడదు. రాష్ట్రాన్ని 19 ప్రాంతాలుగా విడగొట్టి, పక్కపక్క కౌంటీలు కలిసి ప్రణాళిక వేసుకోవాలన్న ఉద్దేశం మంచిదే.

తేడా వచ్చింది తలుపు దగ్గర. ఫౌండేషన్ రికార్డులు చూపించమని హార్మ్ రిడక్షన్ ఒహాయో అనే సంస్థ కోర్టుకెక్కింది. ఈ ఫౌండేషన్ చేస్తున్నది ప్రభుత్వ కార్యాలయం పనే, కాబట్టి రికార్డులు చూపించాల్సిందేనని 2023 మే నెలలో ఒహాయో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. రెండు నెలలు తిరక్కుండానే రాష్ట్ర శాసనసభ బడ్జెట్ చట్టంలో ఒక నిబంధన దూర్చి, ఫౌండేషన్ ప్రభుత్వ కార్యాలయం కాదని రాసేసింది. దీన్ని సమర్థించేవారి వాదన నాకు తెలుసు. ప్రభుత్వ ఖజానాలో పడితే రేపు ఎవరో ఒక గవర్నరు ఆ డబ్బును రోడ్లకు మళ్లిస్తాడు, విడిగా సంస్థ పెట్టింది దాన్ని కాపాడటానికే, బోర్డు సమావేశాలు ఎలాగూ నడుస్తున్నాయి, గ్రాంటుల జాబితా ఎలాగూ బయటికొస్తుంది అంటారు. మొదటి భయం నిజమైనదే. అయితే రాజకీయ నాయకుల చెయ్యి తగలకుండా కాపాడటానికీ, ప్రజల కన్ను పడకుండా మూయడానికీ సంబంధం లేదు. గ్రాంటు ఎవరికొచ్చిందో తెలిస్తే సరిపోదు. ఎవరు అడిగితే కాదన్నారు, ఎందుకు కాదన్నారు, బోర్డులో కూర్చున్నవారికి గెలిచిన సంస్థలతో ఏం సంబంధం ఉంది అన్నవి ఉత్తరాల్లో, మెయిళ్లలో, మార్కులు వేసిన కాగితాల్లో ఉంటాయి. ఆ కాగితాలు అడిగే హక్కు పోర్ట్స్‌మత్‌లో బిడ్డను పోగొట్టుకున్న తల్లికి లేకుండా చేయడం అన్యాయం. ఆమె బిడ్డ చావును లెక్కలోకి తీసుకునే కదా ఆ డబ్బు వచ్చింది!

పోర్ట్స్‌మత్ నుంచి రోడ్డు నది పక్కనే సాగి, ఐరన్‌టన్ మీదుగా వెళ్లి, వంతెన దాటి వెస్ట్ వర్జీనియాలోని హంటింగ్టన్ చేరుతుంది. 2016 ఆగస్టు 15న కొన్ని గంటల వ్యవధిలో 26 మంది ఓవర్‌డోస్‌తో పడిపోయిన ఊరు ఇది. 2017 చివర్లో ఈ నగరం ఒక చిన్న బృందాన్ని ఏర్పాటు చేసింది. ఓవర్‌డోస్ నుంచి బతికి బయటపడ్డవారి ఇంటికి రెండు మూడు రోజుల్లోపే అంబులెన్సు ఉద్యోగి, కౌన్సెలరు, పోలీసు, చర్చి మనిషి కలిసి వెళ్లి, చికిత్సకు వస్తావా అని అడుగుతారు. కాదంటే మళ్లీ వెళ్తారు. ఇందులో గొప్ప యంత్రాలు లేవు. జీతాలు, ఒక బండి, ఓపిక ఉన్నాయి. మొదలైంది గడువున్న గ్రాంటుల మీద. గ్రాంటు గడువు ముగిశాక ఆ జీతాలు ఎవరివ్వాలి? పద్దెనిమిదేళ్లు ఆగకుండా వచ్చే డబ్బుకు తగిన పని ఇదీ అని వేలెత్తి చూపించాలంటే నేను హంటింగ్టన్ వైపే చూపిస్తాను. మాత్రలు వాడిన తల్లులకు పుట్టి, పుట్టగానే మందు లేక విలవిల్లాడే పసికందులను చూసుకోవడానికి 2014లో తెరిచిన లిలీస్ ప్లేస్ కూడా ఈ ఊళ్లోనే ఉంది.

ఇంత చేసిన ఊరికి సరఫరా సంస్థల నుంచి చిల్లిగవ్వ రాలేదు. హంటింగ్టన్, అది ఉన్న క్యాబెల్ కౌంటీ జాతీయ ఒప్పందాన్ని కాదని సొంతంగా కోర్టులో పోరాడాయి. ఎనిమిదేళ్లలో ఆ కౌంటీలోకి 8.1 కోట్ల మాత్రలు వచ్చాయని రుజువులు పెట్టి, నష్టం పూడ్చడానికి 250 కోట్ల డాలర్లు అడిగాయి. 2022 జులైలో జడ్జి డేవిడ్ ఫేబర్ కంపెనీల పక్షాన తీర్పిచ్చారు. నెల తిరక్కముందే రాష్ట్రంలోని మిగతా కౌంటీలు, పట్టణాలు అవే మూడు కంపెనీలతో 40 కోట్ల డాలర్లకు సెటిల్ చేసుకున్నాయి. 2025 అక్టోబరులో అప్పీలు కోర్టు ఫేబర్ తీర్పును కొట్టేసింది గానీ, ఈ నడుమ గడిచిన ఏళ్లు తిరిగిరావు. సెటిల్‌మెంట్లు తక్కువకు తెగ్గొట్టారని విమర్శించేవారు హంటింగ్టన్‌ను గుర్తుపెట్టుకోవాలి. నది అవతలి ఒహాయోలో లేక్, ట్రంబుల్ కౌంటీలు ఫార్మసీ కంపెనీల మీద గెలుచుకున్న 65 కోట్ల డాలర్ల తీర్పుకు ఆధారమైన వాదన 2024 డిసెంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టులో కూలిపోయింది. తక్కువైనా చేతికొచ్చే డబ్బును ఎంచుకున్నవారిది పిరికితనం కాదు. అందుకే ఆ తక్కువలో ఒక్క డాలరు కూడా దారి తప్పకూడదని ఇంత పట్టుబట్టడం.

హంటింగ్టన్ దాటాక 52 దక్షిణానికి తిరుగుతుంది. నది, మైదానం వెనకబడి, టగ్ ఫోర్క్ అనే ఏటి వెంట కొండల మధ్య ఇరుకుగా సాగుతుంది. ఒక పక్క రైలు పట్టాలు, ఒక పక్క ఏరు, అటుపక్క కెంటకీ. ఈ దారిలోనే కెర్మిట్ వస్తుంది. ఊరి జనం 400 లోపు. రెండేళ్లలో ఇక్కడి ఒక్క మందుల షాపుకే దాదాపు 90 లక్షల హైడ్రోకోడోన్ నొప్పి మాత్రలు సరఫరా అయ్యాయి. ఆ సంగతి బయటపెట్టింది వెస్ట్ వర్జీనియాలోని చార్ల్‌స్టన్ గెజెట్-మెయిల్ విలేకరి ఎరిక్ ఐర్. రాష్ట్రం మొత్తానికి ఆరేళ్లలో 78 కోట్ల మాత్రలు వచ్చాయనీ, ఆ మందులతో 1,728 మంది పోయారనీ కంపెనీల లెక్కలతోనే నిరూపించి, 2017లో పులిట్జర్ బహుమతి అందుకున్నారు. ఆ లెక్కలు బయటికి రాకుండా ఉంచడానికి కంపెనీలు కోర్టుల్లో గట్టిగా ప్రయత్నించాయి. ఇంకాస్త ముందుకెళ్తే బొగ్గు పెళ్లలతోనే కట్టిన చిన్న భవనం ఉన్న విలియమ్సన్. మూడు వేల జనాభా ఉన్న ఆ ఊళ్లో రెండు షాపులకు పదేళ్లలో 2.08 కోట్ల మాత్రలు చేరాయని 2018లో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ లెక్క తేల్చింది. ఈ లోయ దాచిన కాగితాల వల్ల చచ్చింది, బయటపడ్డ కాగితాల వల్ల న్యాయం పొందింది. అలాంటి చోట పరిహారపు ఖర్చు మళ్లీ చీకట్లోకి పోవడాన్ని నేను చిన్న లోపంగా చూడలేను.

వెస్ట్ వర్జీనియా తన వాటాను వేరేలా విడగొట్టింది. 72.5 శాతం వెస్ట్ వర్జీనియా ఫస్ట్ ఫౌండేషన్‌కు, 24.5 శాతం కౌంటీలు, పట్టణాలకు, 3 శాతం అటార్నీ జనరల్ చేతికి. ఫౌండేషన్ బోర్డులో 11 మంది, అందులో ఐదుగురిని గవర్నరు నియమిస్తే ఆరుగురిని ఆరు ప్రాంతాలు ఎన్నుకుంటాయి. స్థానిక ప్రభుత్వాల చేతికి ముందుగా వచ్చిన డబ్బులో కొంత కొన్ని కౌంటీల్లో జైలు బిల్లులకు పోయింది. ఈ రాష్ట్రంలో ప్రాంతీయ జైళ్లలో ఉంచిన ప్రతి ఖైదీకి రోజుకు ఇంతని కౌంటీ కట్టాలి. మాత్రల వ్యసనంతో అరెస్టులు పెరిగాయి, బిల్లు పెరిగింది, కౌంటీలు అప్పుల పాలయ్యాయి. ఇది విపత్తు వల్ల వచ్చిన ఖర్చు కాదా అని కౌంటీ కమిషనర్లు అడుగుతారు. నిజమే, విపత్తు వల్ల వచ్చినదే. అంబులెన్సులు పరిగెత్తించింది, తల్లిదండ్రులు పోయిన పిల్లలను సాకింది, శవపరీక్షల బిల్లులు కట్టింది కౌంటీలే. పడ్డ నష్టం తిరిగి రాబట్టుకోవడం సహజమైన కోరిక.

అయినా ఆ వాదనతో నేను ఏకీభవించను. ఈ ఒప్పందాలు రాసుకున్నది గడిచినదానికి చెల్లింపుగా కాదు, ప్రధానంగా ముందు జరగబోయే చావులను ఆపడానికి. సరఫరా సంస్థల ఒప్పందంలో కనీసం 70 శాతం రాబోయే కాలపు పనులకే అని ఉంది. జైలు బిల్లు కట్టినంత మాత్రాన ఒక్క మనిషి కూడా కోలుకోడు, వచ్చే నెల బిల్లు అలాగే వస్తుంది. అదే డబ్బుతో ఆ జైల్లోనే వ్యసనానికి చికిత్సగా వాడే బ్యూప్రెనార్ఫిన్ మందు ఇవ్వడం మొదలుపెడితే సంగతి మారుతుంది. మెథడోన్ గానీ బ్యూప్రెనార్ఫిన్ గానీ క్రమంగా వాడేవారిలో మరణాలు దాదాపు సగానికి తగ్గుతాయని ఎన్నో అధ్యయనాలు చెప్పాయి. జైలు నుంచి విడుదలైన మొదటి కొద్ది వారాలే ఓవర్‌డోస్‌కు అన్నిటికన్నా ప్రమాదకరమైన కాలం కూడా. జైలు బిల్లు, జైల్లో ఇచ్చే మందు, రెండూ ‘జైలు ఖర్చు’ కిందికే వస్తాయి. ఒకటి పాత అప్పు తీరుస్తుంది, ఇంకోటి మనిషిని బతికిస్తుంది. పద్దు విడమరిచి రాయకపోతే ఈ తేడా ఎవరికీ కనిపించదు. టెనసీలోని గ్రీన్ కౌంటీ మొదట్లో వచ్చిన డబ్బులో అధిక భాగాన్ని కౌంటీ అప్పు తీర్చడానికి వాడింది. ఎయిడ్స్ వైరస్ విజృంభణతో 2015లో దేశమంతా మాట్లాడుకున్న ఇండియానాలోని స్కాట్ కౌంటీ అంతకుముందు నుంచీ ఉన్న ఉద్యోగుల జీతాలకు కొంత మళ్లించింది. ఈ సంగతులు మనకు తెలిసింది విలేకరులు ఒక్కో కౌంటీ కాగితాలు తిరగేశారు కాబట్టే. కొత్త డబ్బు పాత ఖర్చును భుజాన వేసుకుంటే, కౌంటీకి ఆదా అయింది గానీ రోగికి అదనంగా ఒక్క పడకా రాలేదు.

విలియమ్సన్ తర్వాత వెల్చ్ వస్తుంది. మెక్‌డవెల్ కౌంటీ ముఖ్యపట్టణం. 1950లో దాదాపు లక్ష మంది ఉన్న ఈ బొగ్గు కౌంటీలో 2020 జనాభా లెక్కల నాటికి 20 వేల మంది కూడా మిగల్లేదు. ఇలాంటి చోట ఇంకో అభ్యంతరం బలంగా నిలుస్తుంది. ఇద్దరు ముగ్గురు గుమాస్తాలతో నడిచే ఆఫీసును పట్టుకుని ప్రణాళికలు రాయి, నివేదికలు పంపు, వెబ్‌సైటులో పెట్టు అంటే ఎలా? లెక్కలు రాయడానికే డబ్బైపోదా? ఇందులో న్యాయముంది. కానీ దీనికి విరుగుడు లెక్క మానేయడం కాదు. లెక్క రాసిపెట్టే పనిని రాష్ట్రం తలకెత్తుకోవడం. చిన్న ఊళ్లు తమ వాటాలు కలిపి ఒకే ఆసుపత్రికో ఒకే రవాణా ఏర్పాటుకో ఇస్తే రాయాల్సిన కాగితాలూ తగ్గుతాయి. డబ్బు ఒక్కటే అన్నీ చేయలేదన్నదీ ఇక్కడే అర్థమవుతుంది. వెస్ట్ వర్జీనియాలో 2007 నుంచి కొత్త మెథడోన్ క్లినిక్‌లు తెరవడానికి వీల్లేదు. 2021 చట్టం శుభ్రమైన సూదులు పంచే కార్యక్రమాల చేతులు కట్టేసింది. చికిత్స కొండలవతల ఉన్నప్పుడు ఈ లోయలో మనిషికి మొదట కావాల్సింది బండి. అందుకే రోగిని క్లినిక్‌కు తీసుకెళ్లి తీసుకొచ్చే రవాణా ఖర్చు, చూడటానికి ఎంత చిన్నదైనా, ఏ ప్రచార కార్యక్రమం కన్నా విలువైనదని నేననుకుంటాను.

ఈ కొండలకూ తెలుగువారికీ సంబంధం లేకపోలేదు. బొగ్గు ప్రాంతాల చిన్న ఆసుపత్రుల్లో దశాబ్దాలుగా పనిచేస్తున్న భారతీయ డాక్టర్లలో తెలుగువారూ ఉన్నారు. 1961లో ఈ రాష్ట్రంలోని వైట్ సల్ఫర్ స్ప్రింగ్స్‌లో పుట్టిన మైలాన్ మందుల కంపెనీ తర్వాతి కాలంలో హైదరాబాదుకు చెందిన మాట్రిక్స్ లేబొరేటరీస్‌ను చేజిక్కించుకుంది. మోర్గన్‌టౌన్‌లోని దాని పెద్ద ఫ్యాక్టరీ 2021లో మూతపడింది. 2025 జులైలో ఎనిమిది మందుల కంపెనీలు కలిసి 72 కోట్ల డాలర్లకు ఓపియాయిడ్ కేసులు సెటిల్ చేసుకున్నప్పుడు అందులో పెద్ద వాటా, 28.4 కోట్లు, మైలాన్‌ది. సన్ ఫార్మా, జైడస్ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఇక మన ఈ ప్రయాణానికి రెండు కొసల చేరువలో ఉన్న కొలంబస్, షార్లెట్ నగరాల్లో తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. అక్కడ ఇల్లు కొనుక్కుని కౌంటీకి ఆస్తిపన్ను కట్టేవారికి కౌంటీ బోర్డు మీటింగులో లేచి నిలబడి ఈ పద్దు గురించి అడిగే హక్కు అందరితో సమానంగా ఉంది.

బ్లూఫీల్డ్ దగ్గర రోడ్డు ఇంటర్‌స్టేట్ 77తో కలిసి ఈస్ట్ రివర్ కొండ కింది సొరంగంలోకి దూరుతుంది. అవతల తేలేసరికి వర్జీనియా. ఇక్కడి పంపకం అంకెల్లో అచ్చం ఒహాయో లాంటిదే: రాష్ట్రానికి 15, కౌంటీలకు, నగరాలకు 30, మధ్యలోని సంస్థకు 55 శాతం. కానీ ఆ మధ్యలోని ఓపియాయిడ్ అబేట్‌మెంట్ అథారిటీని 2021లో శాసనసభ చట్టం చేసి పుట్టించింది. అది ప్రభుత్వ సంస్థ, సమాచార చట్టం కిందికి వస్తుంది. తన డబ్బులో పెద్ద భాగాన్ని కౌంటీలు జట్టుకట్టి చేసే పనులకు ఉంచింది. ఏ కౌంటీ అయినా తనకు నేరుగా వచ్చిన సొమ్మును కూడా అథారిటీ పెట్టిన కఠినమైన ప్రమాణాల ప్రకారమే వాడతానని మాటిస్తే, అథారిటీ నుంచి దానికొచ్చే వాటాకు 25 శాతం అదనంగా కలుపుతుంది. దీనికి బంగారు ప్రమాణం అని పేరు పెట్టారు. బెదిరించకుండా, కౌంటీ అధికారం లాక్కోకుండా, మంచి పద్దు రాసినవాడికే లాభం కలిగేలా కట్టిన ఏర్పాటు ఇది. ఒహాయో అంకెలే ఇక్కడా ఉన్నాయి, తలుపు మాత్రం తెరిచి ఉంది. పంపకపు శాతాలు చూసి పాలన బాగోగులు చెప్పలేమనడానికి ఇంతకన్నా ఋజువు అక్కర్లేదు.

ఫాన్సీ గ్యాప్ దగ్గర బ్లూ రిడ్జ్ కొండలు దిగితే నార్త్ కరోలినా, మొదటి ఊరు మౌంట్ ఎయిరీ. తెల్లని గ్రానైటు గని, నటుడు యాండీ గ్రిఫిత్ పుట్టిన చోటు. ఈ రాష్ట్రం దారి పూర్తిగా వేరు. రాష్ట్రం 15 శాతమే ఉంచుకుని, 85 శాతం నేరుగా వంద కౌంటీలకు, కొన్ని పట్టణాలకు వదిలేసింది. అంత డబ్బు స్థానిక నాయకుల చేతిలో పెడితే దుర్వినియోగం కాదా అంటే, దానికి జవాబు ఒప్పందంలోనే రాసుకున్నారు. ఈ సొమ్మును వేరే ఖాతాలో ఉంచాలి. ప్రతి ఖర్చుకూ కౌంటీ బోర్డు బహిరంగంగా తీర్మానం చేయాలి, ఆ తీర్మానంలో ఏ పనికి, ఎంత, ఎప్పటివరకు అన్నది చెప్పాలి. పనిచేస్తాయని తేలిన చికిత్స, ఓవర్‌డోస్ నుంచి బతికించే నాలోక్సోన్ మందు పంపిణీ, ఇల్లు, ఉద్యోగం వంటి కొద్ది మార్గాల్లోంచి ఎంచుకుంటే సరే. అంతకు మించి వెళ్లాలంటే ముందు ఊళ్లో అందరితో కూర్చుని ప్రణాళిక వేసుకోవాలి. ఏడాదికి ఒకసారైనా జనం మాట వినే సమావేశం పెట్టాలి. ఆర్థిక సంవత్సరం ముగిశాక నివేదిక ఇవ్వాలి, అది వెబ్‌సైటులో అందరికీ కనిపిస్తుంది. దీనివల్ల ప్రతి కౌంటీ తెలివైన నిర్ణయాలే తీసుకుంటుందని నేననను. కనిపించే తప్పును వచ్చే ఎన్నికల్లో అడగొచ్చు. కనిపించని తప్పు పద్దెనిమిదేళ్లూ సాగుతుంది.

రోడ్డు ఇంకో నలభై మైళ్లు పోతే విన్‌స్టన్-సేలం. ఆర్.జె. రెనాల్డ్స్ సిగరెట్ల కంపెనీ కట్టిన నగరం. 1998లో పొగాకు కంపెనీలు 46 రాష్ట్రాలతో చేసుకున్న ఒప్పందం ప్రకారం మొదటి 25 ఏళ్లలో 20,600 కోట్ల డాలర్లు కట్టాలి. అందులో పొగతాగడం మాన్పించే పనులకు రాష్ట్రాలు ఏటా ఖర్చుపెట్టింది నామమాత్రం. బడ్జెట్ లోటు పూడ్చారు, రోడ్లేశారు, రాబోయే వాయిదాలను తాకట్టు పెట్టి బాండ్లు అమ్ముకున్నారు. ఈ నార్త్ కరోలినాలోనే ఆరోగ్యానికని పెట్టిన ట్రస్టు నిధిని 2011లో శాసనసభ ఎత్తేసింది. ఓపియాయిడ్ ఒప్పందంలో 85 శాతం షరతు పెట్టింది ఆ అనుభవం వల్లే. కానీ షరతు చుట్టూ తిరిగే దారులు అప్పుడే మొదలయ్యాయి. 2025లో న్యూజెర్సీ శాసనసభ 4.5 కోట్ల డాలర్ల ఓపియాయిడ్ సొమ్మును బడ్జెట్ ద్వారా కొన్ని ఆసుపత్రి సంస్థలకు ఇచ్చేసింది. పేదల వైద్య బీమా అయిన మెడికెయిడ్‌లో ఫెడరల్ కోతల ముందు ఆసుపత్రులు నిలబడొద్దా అన్నారు. రాష్ట్ర అటార్నీ జనరలే దాన్ని బహిరంగంగా వ్యతిరేకించారు. కోతలు నిజం, ఆసుపత్రుల కష్టమూ నిజం. కానీ ప్రతి లోటుకూ ఈ డబ్బు వైపే చెయ్యి చాస్తే పొగాకు కథే మళ్లీ నడుస్తుంది.

మరణాలు తగ్గుతున్నాయి కదా, ఇంకా ఇంత పట్టింపు ఎందుకని అడిగేవారూ ఉన్నారు. ఓవర్‌డోస్ మరణాలు 2022లో లక్షా 8 వేల దగ్గర ఉంటే 2024లో 80 వేలకు దిగాయి. ఇది పెద్ద మార్పు, సంతోషించాల్సిన మార్పు. అయినా ఆ 80 వేలు 2019 నాటి సంఖ్య కన్నా ఎక్కువే. తగ్గుదలకు ఒక కారణం నాలోక్సోన్ ఊరూరా చేరడం, 2023 నుంచి చీటీ లేకుండా దొరకడం. అలా చేరవేసే చేతులకు జీతమిచ్చే డబ్బు ఆగితే తగ్గుదల ఎంతకాలం నిలుస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. సరఫరా సంస్థల చివరి వాయిదా 2038లో వస్తుంది. అప్పటికి ఇప్పటి కమిషనర్లు, గవర్నర్లు, బోర్డు సభ్యులు ఉండరు. వచ్చేవాళ్లకు ఈ పద్దు ఎందుకు మొదలైందో తెలియాలంటే అది కాగితం మీద ఉండాలి. ఒహాయో శాసనసభ 2023లో పెట్టిన నిబంధనను తీసేయాలి. వెస్ట్ వర్జీనియా ప్రతి కౌంటీ వాటా ఖర్చునూ ఏటా ఒకేచోట ప్రచురించాలి. జైలు బిల్లు, పోలీసు బండి, పాత జీతం అనే పద్దులను చికిత్స పద్దుల్లో కలపకుండా విడిగా చూపాలి. ఈ మూడింటికీ కొత్త డబ్బు అక్కర్లేదు, ఒక్కో సమావేశంలో ఒక్కో తీర్మానం చాలు.